పూతకూ కోతకూ మధ్య

ఈ దినాన మన ధ్యానం కొరకు నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం తీసుకుందాం. మీ చేతిలో పరిశుద్ధ గ్రంథం ఉంటే తెరిచి ఉంచుకోండి. ఆ అధ్యాయంలో అప్పు ఉంది, తాకట్టు ఉంది, తోటలు ఉన్నాయి. అందుకే నూజివీడు మామిడి తోటల మధ్య బ్రదుకుతున్న మనకు అది చాలా దగ్గరగా ఉంటుంది. పేద కుటుంబం అప్పులోనుండి ఎలా బయటికి వస్తుంది? పొదుపు గ్రూపు అందుకు ఎలా పనిచేస్తుంది? అది ఎక్కడ చెడిపోతుంది? దేవుని సంఘంగా మనం ఏమి చేయగలం? ఈ నాలుగు సంగతులు నిదానంగా చూద్దాం.

ఒక్క పంట, పన్నెండు నెలలు

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం, తిరువూరు. ఈ పేర్లు వింటే ఎవరికైనా మొదట జ్ఞాపకం వచ్చేది మామిడి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోనికి వెళ్లింది. అంతకుముందు ఇదంతా ఒకే కృష్ణా జిల్లా. జిల్లా పేరు మారినా చిన్నరసం రుచి మారలేదు, తోటమీద బ్రదికేవారి కష్టమూ మారలేదు.

ఆ కష్టం ఎక్కడ మొదలవుతుందో గమనించండి. మామిడికి డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు పూత. ఏప్రిల్ నుండి జూన్ వరకు కోత. అంటే డబ్బు చేతికి వచ్చేది రెండు మూడు నెలలే. ఖర్చు మాత్రం పన్నెండు నెలలు. అందులోనూ రైతుకు ఎక్కువ ఖర్చు వచ్చేది పూత సమయంలోనే. తేనెమంచు పురుగు, బూడిద తెగులు పూతను తినేయకుండా మందు కొట్టాలి. ఆ సమయానికి పోయిన ఏడాది డబ్బు అయిపోయి ఉంటుంది, ఈ ఏడాది డబ్బు ఇంకా చెట్టు మీదనే ఉంటుంది. పైగా మామిడి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు వెనుకబడే చెట్టు. గాలివాన ఒక్కటి వచ్చిందంటే పిందెలన్నీ నేలపాలు.

తోట లేని కుటుంబాల సంగతి ఇంకా కష్టం. చిక్కంతో కాయ కోసేవారు, మోసేవారు, కాయను ఏరి ట్రేలలో సర్దేవారు, రాత్రిళ్లు తోటకు కావలి ఉండేవారు, వీరందరికీ కోత ఉన్నన్నాళ్లే చేతినిండా పని. జూన్ వెళ్లగానే పిల్లల బడి ఖర్చు వస్తుంది, వానలు వస్తాయి, జ్వరాలు వస్తాయి. కూలి మాత్రం తగ్గిపోతుంది.

పూతకూ కోతకూ మధ్య ఒక సందు ఉన్నది. కోతకూ మళ్లీ పూతకూ మధ్య అంతకంటె పెద్ద సందు ఉన్నది. అప్పు ఇంట్లోనికి వచ్చేది ఆ సందులోనుండే.

అప్పు ఎలా కట్టివేస్తుంది

రైతు పూత మీదనే తోటను గుత్తకు ఇచ్చేస్తాడు. గుత్తదారు అడ్వాన్సు ఇస్తాడు, ధర అప్పుడే తేలిపోతుంది. కాపు బాగా వస్తే లాభం గుత్తదారుది. గాలివానకు రాలిపోతే మిగతా సొమ్ము దగ్గర తగవు. గుత్తకు ఇవ్వనివాడు కమీషన్ దుకాణంలో అప్పు తెచ్చుకుంటాడు. అప్పు ఇచ్చిన దుకాణానికే కాయ తోలాలి. విజయవాడ దగ్గర నున్న మార్కెట్‌లో పక్క దుకాణంలో మంచి ధర పలుకుతున్నా అతడు వెళ్లలేడు. వడ్డీ ఒక నష్టం, ధర అడిగే నోరు పోవడం రెండవ నష్టం. రెండవదే పెద్దది. అప్పు తెచ్చినవాడు డబ్బుతో పాటు తన స్వాతంత్ర్యాన్ని కూడా తాకట్టు పెడుతున్నాడు.

ఇక కూలి కుటుంబం చేబదులు తెచ్చుకుంటుంది. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలు అని చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీ అంటే సంవత్సరానికి నూటికి 24. ఐదు రూపాయల వడ్డీ అంటే నూటికి 60. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు 20 నెలలలో వడ్డీయే అసలుతో సమానమైపోతుంది. అసలు మాత్రం అలాగే కూర్చుని ఉంటుంది.

నెహెమ్యా ఏమి చేశాడు?

ఇప్పుడు వాక్యంలోనికి వద్దాం. యెరూషలేము గోడ కడుతున్న దినాలలో జనులలోనుండి ఒక గొప్ప మొర వినబడింది. కరువులో ధాన్యం కొరకు కొందరు తమ పొలాలను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువ పెట్టారు. రాజుకు పన్ను కట్టడానికి కొందరు అప్పు చేశారు. కొందరి కుమారులు, కుమార్తెలు దాసులయ్యారు. అప్పు ఇచ్చినవారు పరదేశులు కారు, సొంత సహోదరులే.

నెహెమ్యా మొదట మొర విన్నాడు, కోపపడ్డాడు. అయితే ఆ కోపంలోనే తొందరపడలేదు, తనలో తాను ఆలోచించాడు. తరువాత పెద్ద సమాజాన్ని కూర్చి అందరి యెదుట మాట్లాడాడు. చివరికి మాటతో వదిలిపెట్టకుండా పొలాలను, ద్రాక్షతోటలను, ఒలీవ తోటలను, ఇండ్లను, తీసుకున్న వడ్డీని తిరిగి ఇప్పించి, యాజకుల యెదుట ప్రమాణం చేయించాడు. 11వ వచనంలోని నూరవ భాగం నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీ అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ! దానికే అతడు అంతగా బాధపడ్డాడు.

ఒక మాట జ్ఞాపకం ఉంచుకోండి. నెహెమ్యా ఈ సంగతిని చాటున తేల్చలేదు. అందరి యెదుట తేల్చాడు. పేదవాని డబ్బు లెక్క వెలుగులో ఉండాలి. ఈ దినాన మనం నేర్చుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇదే.

రోజుకు ఒక రూపాయి

మన రాష్ట్రంలో పేద స్త్రీలు కూడి పొదుపు చేయడం ఎలా బలపడిందో చూద్దాం. గ్రామీణ ప్రాంత స్త్రీలు, పిల్లల అభివృద్ధి కొరకు 1982లో మొదలైన పథకం పేరే డ్వాక్రా. 1991, 1992 సంవత్సరాలలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధించబడింది. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా, దాన్ని ఏమి చేయాలి? నెల్లూరు స్త్రీలు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేయడం మొదలుపెట్టారు. 1992లోనే నాబార్డు దేశమంతటిలో 500 గ్రూపులను బ్యాంకులతో కలపాలని ఒక ప్రయత్నం ప్రారంభించింది. 2000లో మన రాష్ట్రంలో వెలుగు పథకం వచ్చింది. గ్రూపులు కలిసి గ్రామ సంఘాలు, అవి కలిసి మండల సమాఖ్యలు, వాటి మీద జిల్లా సమాఖ్యలు ఏర్పడ్డాయి. 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది. పావలా వడ్డీ అంటే సంవత్సరానికి నూటికి మూడు రూపాయలే.

ఆ రూపాయి ఎలా పెరుగుతుందో లెక్క వేద్దాం. ఒక గ్రూపులో 12 మంది స్త్రీలు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు నెలకు 100 రూపాయలు వేస్తే నెలకు 1,200. ఐదవ నెలకు 6,000. ఒక సంవత్సరానికి 14,400. ఐదవ నెలలో ఒక సహోదరి బిడ్డ జబ్బుకు 6,000 రూపాయలు కావాలి. బయట ఐదు రూపాయల వడ్డీకి తెస్తే సంవత్సరానికి 3,600 వడ్డీ. గ్రూపులో రూపాయి వడ్డీకి తీసుకుంటే 720. ఆమెకు 2,880 రూపాయలు మిగిలాయి. ఆ 720 కూడా ఊరు దాటిపోలేదు, ఆ 12 మంది పెట్టెలోనికే వచ్చింది. అందులో ఆమెకు కూడా పాలు ఉన్నది.

కృష్ణా జిల్లా నేర్చుకున్న పాఠం

ఇంత మంచిది ఎలా చెడిపోయింది? ఈ సంగతి మన సొంత జిల్లాలో జరిగింది గనుక దాచకుండా చెప్పుకోవాలి.

గ్రూపులు బలపడిన తరువాత సూక్ష్మ రుణ సంస్థలు గ్రామాలకు వచ్చాయి. ఇంటి ముందరికే వచ్చి అప్పు ఇచ్చాయి. కాగితాలు తక్కువ, తాకట్టు లేదు, వారం వారం కట్టాలి. ఒకరు కట్టకపోతే మిగతావారు కట్టాలి. 2006 మార్చిలో అధిక వడ్డీ, బలవంతపు వసూళ్లు అనే ఫిర్యాదుల మీద కృష్ణా జిల్లా అధికారులు రెండు పెద్ద సంస్థల శాఖలను దాదాపు 50 మూసివేయించారు. అయినా అప్పు ఆగలేదు. ఒకే ఇంటిలో మూడు నాలుగు సంస్థల అప్పులు పేరుకున్నాయి. ఒకదాన్ని కట్టడానికి మరొకటి తెచ్చుకున్నారు. 2010లో అప్పుల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు రాష్ట్రమంతటినుండి వచ్చాయి. అక్టోబరులో ప్రభుత్వం అత్యవసర ఆదేశం తెచ్చింది, తరువాత అది చట్టమైంది. వడ్డీ అసలును మించరాదని ఆ చట్టం చెప్పింది.

లెక్క తెలియకపోవడం ఎంత ప్రమాదమో ఒక ఉదాహరణ చూడండి. 10,000 రూపాయల అప్పు. వారానికి 230 చొప్పున 50 వారాలు కట్టాలి. మొత్తం 11,500. కట్టేది 1,500 ఎక్కువ గనుక వడ్డీ నూటికి 15 అని చెబుతారు. కాని ఆలోచించండి, మొదటి వారం నుండే అసలు తిరిగి వెళ్లిపోతున్నది. సంవత్సరమంతా సగటున మీ చేతిలో ఉన్నది 5,000 మాత్రమే. 5,000కు 1,500 వడ్డీ అంటే నూటికి దాదాపు 30. పైగా మామిడి కూలీకి వారం వారం కూలి ఉండేది కోతలోనే. పంట కాలానికి సరిపోని వాయిదా, చిన్న అప్పును కూడా పెద్ద భారం చేస్తుంది.

2006లోనూ 2010లోనూ గ్రూపు అనే పేరు ఉన్నది గాని, గ్రూపు ప్రాణం లేదు. పొదుపు వారిది కాదు, నియమం వారిది కాదు, పుస్తకం వారిది కాదు. అప్పు వసూలు చేసుకోవడానికి వేరొకరు కట్టిన గుంపు అది.

ఇది గడిచిపోయిన కథ అనుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. ఇప్పుడు ఫోనులోనే నిమిషాలలో అప్పు ఇచ్చే యాప్‌లు కూడా వచ్చాయి. అందువలన 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు ప్రతి ఇంటికీ తెలియాలి. ఒక కుటుంబం నెలకు కట్టే వాయిదాలన్నీ కలిపి ఆ కుటుంబ నెల ఆదాయంలో సగం మించేలా అప్పు ఇవ్వకూడదు. అప్పు వివరాలు మనకు తెలిసిన భాషలో కాగితం మీద ఇవ్వాలి. ముందుగా తీర్చివేస్తే జరిమానా వేయకూడదు. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తరువాత వసూలు కొరకు ఫోను చేయకూడదు. ఇవి మీ హక్కులు.

దానంతో ఎందుకు ఆగిపోలేదు?

ఈ మార్గంలో మనకంటె ముందు నడిచిన ఒక విశ్వాసి ఉన్నాడు. ఆయన పేరు ఫ్రెడరిక్ విల్హెల్మ్ రైఫైజన్. 1818లో జర్మనీలో పుట్టాడు. ఒక పేద పల్లె ప్రాంతానికి మేయరుగా ఉన్నప్పుడు 1846, 1847 సంవత్సరాలలో గొప్ప కరువు వచ్చింది. ధనవంతులను అడిగి పేదలకు రొట్టె అందే ఏర్పాటు చేశాడు. తరువాత కూడా ధనవంతుల సహాయం మీద ఆధారపడిన సంఘాలను నడిపాడు. అయితే ఇచ్చేవారి ఉత్సాహం కొంతకాలానికి చల్లారిపోతుందని అనుభవంతో తెలుసుకున్నాడు. 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అనే చోట అప్పు తీసుకునేవారే సభ్యులుగా, ఒకరికొకరు జామీనుగా ఉండే పరపతి సంఘాన్ని కట్టాడు. ఊరు చిన్నది, ఒకరినొకరు ఎరిగినవారు, లాభం పంచుకోకుండా నిధిలో ఉంచుకునేవారు.

ఆ వెలుగు మన దగ్గరికి కూడా వచ్చింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కృష్ణా జిల్లా ఒక భాగం. ఆ రాష్ట్రపు అధికారి ఫ్రెడరిక్ నికల్సన్ రైతుల అప్పుల గురించి పరిశోధించి 1895లో ఇచ్చిన నివేదికలో రైఫైజన్ మార్గమే మనకు కావాలని చెప్పాడు. 1904లో దేశంలో మొదటి సహకార పరపతి చట్టం వచ్చింది.

ప్రియులారా, దానం మంచిదే. కరువులో రొట్టె పెట్టాలి, జబ్బులో మందు ఇవ్వాలి. కాని దానం పొందిన చేయి మరుసటి ఏడు మళ్లీ చాచవలసి వస్తే, ఆ చేతికి మనం బలం ఇవ్వలేదన్నమాట. మన సంఘాలలో స్త్రీలు వంట చేసేటప్పుడు పిడికెడు బియ్యం దేవుని కొరకు తీసి పెట్టే అలవాటు ఉన్నది. మిజోరాం సంఘాల స్త్రీలు 1910లో అలాగే మొదలుపెట్టారు. ఆ పిడికిళ్లు ఈనాడు ఏటా కోట్ల రూపాయలై అక్కడి పరిచర్యను నడుపుతున్నాయి. పేదవారికి పొదుపు చేయడం చేతకాదని ఎవరూ అనకూడదు. వారికి చేతనవును. ఆ పిడికెడు భద్రంగా ఉండే చోటు కావాలి, అంతే.

గ్రూపు నిలబడాలంటే

గ్రూపులకు ఐదు నియమాలు చెబుతారు. పంచసూత్రాలు అని వాటి పేరు. తప్పకుండా సమావేశం కావడం, తప్పకుండా పొదుపు చేయడం, లోపల లోపల అప్పు ఇచ్చుకోవడం, గడువుకు తిరిగి కట్టడం, పుస్తకం సరిగా వ్రాయడం. ఐదూ ముఖ్యమే. అయితే ఐదవది పోతే మిగతా నాలుగు నిలువవు. పుస్తకం ఒక్కరి ఇంట్లో, ఒక్కరి చేతిలో, ఒక్కరికే అర్థమయ్యేలా ఉంటే ఆ గ్రూపు ఎంతో కాలం ఉండదు. ప్రతి సమావేశం చివర, ఎవరు ఎంత వేశారు, ఎవరు ఎంత తీసుకున్నారు, పెట్టెలో ఎంత ఉన్నది అని పైకి చదవాలి. చదువు రాని అవ్వ కూడా తన లెక్క తన చెవితో వినాలి.

పొదుపు నిలబడిన తరువాత రెండవ మెట్టు ఆదాయం. గ్రూపు దగ్గర మందు ఖర్చుకు డబ్బు దొరికితే చిన్న రైతు పూత మీద తోటను అమ్ముకోనక్కరలేదు. పది మంది రైతులు కూడి కాయను సైజు ప్రకారం ఏరి, తొడిమతో కోసి, సొన కారి మచ్చ పడకుండా ట్రేలలో పంపితే కొనేవాడు వారి మాట వింటాడు. ఇలా రైతులే సభ్యులుగా కంపెనీ పెట్టుకోవడానికి 2002లోనే చట్టాన్ని సవరించారు. రైతు ఉత్పత్తిదారుల సంస్థలను ప్రోత్సహించడానికి 2020లో కేంద్ర ప్రభుత్వం పథకం తెచ్చింది. తోట లేని స్త్రీలు ఆవకాయ, మాగాయ, ఒరుగులు చేసి, కోత అయిపోయిన నెలలలో అమ్ముకోవచ్చు. రాలిన కాయకు విలువ వస్తుంది, పని లేని నెలలకు కూలి వస్తుంది. కాని మొదటి మెట్టు ఎక్కకుండా రెండవ మెట్టు మీద కాలు పెట్టవద్దు. పుస్తకం సరిగా లేని గ్రూపుకు పెద్ద అప్పు వస్తే పెద్ద తగవు కూడా వస్తుంది.

దేవుని సంఘం ఏమి చేయవచ్చు?

మొదటిది, చోటు ఇవ్వవచ్చు. మన మందిరం ఆదివారం తప్ప చాలా దినాలు ఖాళీగా ఉంటుంది. గ్రూపు కూర్చోవడానికి వసారా ఇవ్వండి. గ్రూపులో మన విశ్వాసులే ఉండాలని పట్టుబట్టవద్దు. కరువు వచ్చినప్పుడు అది మతం అడిగి రాదు, కులం అడిగి రాదు.

రెండవది, చదువుకున్న యౌవనస్థులను ఇవ్వవచ్చు. 2008 నుండి నూజివీడులోనే ట్రిపుల్ ఐటీ ఉన్నది, పల్లె పిల్లలు అక్కడ చదువుతున్నారు. మన ఇంటి బిడ్డలు నెలకు ఒక సాయంత్రం ఇచ్చి, వడ్డీ లెక్క వేయడం, బ్యాంకు కాగితం చదవడం ఆ తల్లులకు నేర్పితే అది గొప్ప పరిచర్య.

మూడవది జాగ్రత్తగా వినండి. కాపరి గానీ సంఘ పెద్దలు గానీ గ్రూపు డబ్బు తమ చేతిలో పెట్టుకోకూడదు. ఎంత నమ్మకస్థులైనా వద్దు. ఆ డబ్బు వారిది, పుస్తకం వారిది, తీర్మానం వారిది. నెహెమ్యా అధిపతిగా ఉన్న పన్నెండు సంవత్సరాలు అధిపతికి రావలసిన ఆహారపు సొమ్మును కూడా తీసుకోలేదని అదే అధ్యాయంలో చదువుతాం. అందుకే అతని మాటకు బలం ఉన్నది.

నాల్గవది, మన సంఘంలోనే వడ్డీకి ఇచ్చేవారు ఉండవచ్చు. నెహెమ్యా పరదేశులను గద్దించలేదు, సొంతవారిని గద్దించాడు. సహోదరుని కష్టం మన లాభం కాకూడదు.

ముగించక ముందు 2వ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలోని విధవరాలిని జ్ఞాపకం చేసుకుందాం. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమె చేతిలో డబ్బు పెట్టలేదు. నీ ఇంటిలో ఏమున్నదని అడిగాడు. కొంచెం నూనె ఉన్నది. ఇరుగుపొరుగువారి దగ్గర వట్టి పాత్రలు అడిగి తెమ్మన్నాడు. దేవుడు నూనెను విస్తరింపజేశాడు. తరువాత చెప్పిన క్రమం చూడండి. నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నీవు, నీ పిల్లలు బ్రదుకుడి అన్న భావంతో ఆమెను పంపించాడు.

ఆమె ఇంటిలో ఉన్న కొంచెం, పొరుగువారి పాత్రలు, దేవుని ఆశీర్వాదం, ఈ మూడూ కలిసినప్పుడు ఆ ఇల్లు నిలబడింది. మన గ్రామాలలో ఆ కొంచెం నూనె ఈ దినాన కూడా ఉన్నది. వారానికి పాతిక రూపాయలు కావచ్చు, పిడికెడు బియ్యం కావచ్చు. పాత్రలు తెచ్చి ఇచ్చే పొరుగువారిగా ఉండే భాగ్యం మనది. ఈ వారం మీ ఊరిలో ఒక గ్రూపు దగ్గరికి వెళ్లి కూర్చోండి. పుస్తకం పైకి చదువుతున్నారో లేదో వినండి. చదవకపోతే, చదివే ఒకరిని పంపండి.

పేదల మొర ఆలకించే దేవుడు మీ ఇండ్లను, మీ తోటలను, మీ చేతుల కష్టార్జితాన్ని దీవించును గాక. ఆమేన్.